ఉమ్మడి డిస్కులో ఒక గొడుగు

"అక్కని లోకల్లో పెట్టాను బావా, ఇక దిగుల్లేదు" అని ఫోన్లో నేను చెప్పింది ఒకటి, మా బావ బసవపున్నయ్య విన్నది ఇంకొకటి. ఆయన చెవికి అది "అక్కని లాకర్లో పెట్టాను" అని తగిలింది. అరగంటలో చుట్టుగుంట నుంచి ఆటో కట్టించుకుని వచ్చి మా ల్యాబు గేటు ముందు దిగాడు.

"ఏ బ్యాంకురా? తాళంచెవి ఎవరి దగ్గరుంది? మొగుణ్ణి నేను బతికుండగా నామినీగా ఎవర్ని రాశావ్?"

బావ ముప్పై మూడేళ్లు తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేశాడు. కిలో రాయి కనబడితే అడుగున మైనం ఉందేమోనని తిరగేసి చూసే మనిషి. ఇంట్లో ఇడ్లీ కూడా తిరగేసి చూశాకే తింటాడు. అనుమానం పెనుభూతమంటారు. మా బావ విషయంలో అది పెన్షను భూతం: సర్వీసు అయిపోయినా నెలనెలా వస్తూనే ఉంటుంది.

"లాకరు కాదు బావా, లోకల్" అని చేయి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను.

లోపలంటే నరసరావుపేట రోడ్డులో ఒకప్పుడు మిర్చి కోల్డ్ స్టోరేజీగా ఉన్న భవనం. ఇరవై ఆరేళ్లు నేనక్కడ సూపర్వైజర్ని. ఓనరు భవనాన్ని ల్యాబుకి అప్పజెప్పేటప్పుడు చల్లదనంతో పాటు నన్ను కూడా ఇచ్చేశాడు. మిరపకాయలు వెళ్లిపోయి మెదళ్లు వచ్చాయి. నేను మూడు నెలలు కోర్సు చదివి, సర్వర్లు చూసుకునే ఉద్యోగంలో కుదురుకున్నాను. అప్పుడూ స్టోరేజీయే, ఇప్పుడూ స్టోరేజీయే. స్టోరీ ఒక్కటే మారింది. నా పేరు పిచ్చేశ్వరరావు. అందరూ 'పిచ్చి' అని పిలుస్తారు. జబ్బు కాదు, పేరు.

జబ్బు మా అక్కకి. ఆమె పేరు సామ్రాజ్యం. రవి అస్తమించని సామ్రాజ్యం అని మా నాన్న మురిసిపోయేవాడు. అరవై మూడో ఏట ఆ సామ్రాజ్యంలో ఒక్కొక్క ఊరి పేరే చెరిగిపోవడం మొదలైంది. ముందు పక్కింటివాళ్లు పోయారు, తర్వాత పండగలు, ఆ తర్వాత గోంగూర పచ్చట్లో ఉప్పు. అప్పుడు డాక్టర్ షమీమున్నీసా గారు ఆరు వారాలపాటు అక్క తలకి వైర్ల టోపీ పెట్టి, మిగిలిన జ్ఞాపకాలన్నీ పట్టి దాచారు. అవి సర్వరులో ఒక ఉత్తుత్తి కంప్యూటరుగా బతుకుతాయి. వర్చువల్ మెషీన్ అంటారు. పెట్టె లేదు, ప్లగ్గు లేదు, అయినా లోపల ఆలోచిస్తూ ఉంటుంది. అక్క తడబడినప్పుడల్లా ఆమె చెవి వెనక అంటించిన శనగగింజంత ముక్క, అక్క సొంత గొంతుతోనే, 'వచ్చింది మన హిమజ. పాలు తాగదు, కాఫీ పెట్టు' అని చెబుతుంది. దాని పేరు గుసగుస.

"ఇదిగో బావా, ఈ సర్వరు కడుపులోనే అక్క డిస్కు ఉంది. అదీ లోకలంటే. వేరు కాపురం అనుకో. చప్పున పలుకుద్ది."

"మరి ఆ పక్క గదేంది?"

"అది ఉమ్మడి. డిస్కులన్నీ అక్కడుంటే ఏ సర్వరైనా అందుకోవచ్చు. ఒకటి పడుకుంటే ఇంకోటి మాట మధ్యలో పట్టుకుంటది. కాకపోతే ఉమ్మడి కాపురంలో స్నానాల గది ముందు వరస ఉంటది గదా, ఆ మాత్రం ఆలస్యం."

"వేరు కాపురమే మేలు. మీ అక్క మా అమ్మతో ఏడేళ్లు పడింది చాల్లే" అని బావ సర్వరుని నాలుగు వైపులా తిరిగి చూశాడు. తిరగెయ్యడానికి వీలు లేక వదిలేశాడు.

నెల తిరక్కుండానే వేరు కాపురం కూలింది. ఒక ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో పదిమంది చుట్టాలు భోజనాలు చేస్తుండగా ఆ సర్వరు ఇరవై నిమిషాలు మొరాయించింది. అక్క సాంబారు గరిటె పట్టుకుని నిలబడిపోయింది. విస్తరి ముందున్న బావని చూసి, "ఎవరండీ మీరు? మొహమాటపడకుండా తినండి. మా ఆయన ఇప్పుడే వచ్చేస్తారు" అంది.

చుట్టాలు నవ్వారు. బావ ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం ఫోన్ చేసి, "ఉమ్మడిలోకి మార్చెయ్యిరా" అని మాత్రం అన్నాడు.

మార్చేశాను. ఆ పని మీదే ఈ కథ నిలబడింది గనక ఎలా చేశానో కూడా చెప్పాలి. స్క్రీను రెండు ప్రశ్నలు అడిగింది. మొదటిది: ఏ ఛాంబరు? ఉమ్మడి గదిలో ఆరు ఛాంబర్లున్నాయి, అన్నిట్లోనూ అప్పటికే ఎవరో ఒకరు ఉన్నారు. రెండోది: ఒకేలాంటి ముక్కలు కనబడితే ఒక్కటి ఉంచి మిగతావి తీసెయ్యాలా? ఆ ఏర్పాటు డాక్టరమ్మ కనిపెట్టిందే. మనిషి రోజూ తాగే కాఫీలన్నీ విడివిడిగా దాచనక్కర్లేదు, పదివేల కాఫీలకి ఒక్క కాపీ చాలని ఆవిడ లెక్క.

నాకు మిర్చి రోజులు గుర్తొచ్చాయి. సరుకు ముంచెత్తి చోటు కరువైనప్పుడు మేం చేసే పని ఒకటుంది. ఒకే ఊరు, ఒకే రకం అయితే వేరువేరు రైతుల టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, ఒకే ఛాంబర్లో కలిపి పేర్చేవాళ్లం. ఒకరి టిక్కీ ఇంకొకరికి వెళ్లినా పేచీ లేదు. తేజ రకానికి తేజ రకం, తూకానికి తూకం. ఇరవై ఆరేళ్లలో ఒక్క రైతు కూడా 'ఇది నా మిరపకాయ కాదు' అనలేదు. అందుకని అక్క ఊరేది, వయసెంత అని చూసి, అదే ఊరూ అదే ఈడూ ఉన్న ఇంకో మనిషి డిస్కు పక్కన నాలుగో ఛాంబర్లో సర్ది, రెండో ప్రశ్నకి 'అవును' అని టిక్కు కొట్టాను. టిక్కీల మనిషిని కదా, టిక్కు కొట్టడానికి చెయ్యి వణకలేదు.

రెండు వారాలు హాయిగా గడిచాయి. అక్క అరక్షణం ఆలస్యంగా పలికేది గానీ, ఒక్క పేరు తప్పలేదు. మూడో వారం వాన పడుతున్న ఒక పొద్దున నేను వాళ్లింట్లో పెసరట్టు తింటున్నాను. అక్క కిటికీలోంచి చూస్తూ అంది:

"సూర్యలంక సముద్రం దగ్గర ఇట్టాంటి వానే గదండీ. పెళ్లయిన కొత్తలో. గొడుగు మొత్తం నా మీదికి వంచేశారు. మీ ఎడం భుజం కాలవలా కారిపోతుంటే, 'నాకేం కాదులే, నువ్వు తడవకు' అన్నారు. ఎంత మంచోరండీ మీరు!"

ఏ మగాడైనా ఆ మాటకి ఇంకో పెసరట్టు వేయించుకుంటాడు. బావ చేతిలో ముక్క చేతిలోనే ఆగిపోయింది. నన్ను వాకిట్లోకి లాక్కెళ్లాడు.

"ఎవడ్రా వాడు?"

"ఎవరు బావా?"

"గొడుగోడు. నేనా రోజు మీ అక్కకి గొడుగు పట్టలా. నేను పట్టకపోతే ఇంకెవడో పట్టుండాలి గదా? జ్ఞాపకం గాల్లోంచి వస్తదా?"

గొడుగు అక్కడితో గొడవగా మారింది. బావ ఒక పాత డైరీ తీసి నలభై ఏళ్ల కిందట తనకి తెలిసిన గొడుగుల జాబితా రాశాడు. బాపట్లలో ఉన్న పెదనాన్న కొడుకు: నల్లగొడుగు, కర్రపిడి, అనుమానించదగినవాడు. బస్సు కండక్టరు: గొడుగు లేదు గానీ నవ్వు ఎక్కువ. మా మేనమామ పోయి పన్నెండేళ్లయింది. ఆయన పేరు ఎదురుగా 'విచారించాలి' అని రాసి ఉంది. ఎలా విచారిస్తాడో నేను అడగలేదు.

మర్నాడు అనుమానం ల్యాబుకి తిరిగింది. "మీ డాక్టరమ్మ మొగుళ్లని మంచోళ్లుగా చూపించే ముక్కేదన్నా కలిపిందా? కల్తీ అయితే నా ముక్కుకి తెలుస్తదిరా."

మూడో రోజు అది నామీదికే వచ్చింది. "నువ్వేరా మీ అక్కని సంతోషపెడదామని రాసుంటావ్."

"బావా, నేను రాస్తే అందులో ఒక్క చమత్కారమన్నా ఉండేది గదా!"

అది నిజమే అనిపించినట్టుంది, నన్ను జాబితాలోంచి కొట్టేశాడు. కానీ ఆ సాయంత్రమే అక్క చెవి వెనక నుంచి గుసగుస ఊడదీసి జేబులో వేసుకున్నాడు. "ఆ గొంతు అబద్ధాలు చెప్తంది సామ్రాజ్యం. ఎవడిదో తేలేదాకా ఇది నా దగ్గరే ఉంటది."

డాక్టరమ్మకి చెబితే ఆవిడ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "పది రోజులండీ. పది రోజులు ఆ గొంతు వినకపోతే మనిషి దాన్ని పరాయి గొంతు అనుకుంటుంది. తర్వాత పెట్టినా ఒప్పుకోదు. అప్పుడు నేను కూడా చేసేది లేదు."

గుసగుస తీసిన నాలుగో రోజు అక్క ఉప్పు డబ్బా ఎక్కడుందో మర్చిపోయింది. ఆరో రోజు బాధపడుతూ వచ్చిన కూతురు హిమజని గుమ్మంలో నిలబెట్టి, "నువ్వెవరి తాలూకమ్మా?" అంది. హిమజకి ముప్పై ఎనిమిదేళ్లు, కాలేజీలో లెక్కలు చెబుతుంది. ఆ పిల్ల అంత పెద్దదీ చెప్పులు విప్పకుండానే ఏడ్చింది.

"నాన్నా, ఆ గొడుగు ఎవరిదైతే ఏంటి? అమ్మకి నా పేరు తెలియట్లేదు!"

బావ జేబు మీద చెయ్యి పెట్టుకున్నాడు. తియ్యలేదు. అప్పుడు నాకొక అనుమానం వచ్చింది. మా బావతో నలభై ఏళ్లు తిరిగాక ఆ అంటురోగం నాకు అంటకుండా ఉంటుందా? ఆయన మొహంలో ఉన్నది కోపం కాదు. తూకంలో తనే దొరికిపోయిన కొట్టువాడి మొహం అది.

"బావా, అసలు ఆ రోజు సూర్యలంకలో ఏం జరిగింది?"

"వాన పడింది" అని లోపలికి పోయాడు.

నేను ల్యాబులో తవ్వడం మొదలెట్టాను. డాక్టరమ్మ ఏ రోజున ఏ గదిలోకి వెళ్లిందో రిజిస్టరు చూశాను. దొంగలా చూశాను. ఆవిడ సుపారి డబ్బా కోసం వెళ్లినట్టు తప్ప ఏమీ దొరకలేదు. అక్క డిస్కుని ఎవరైనా తెరిచారా అని చూశాను. బయటివాళ్లెవరూ తెరవలేదు. తెరిచిన పేరు ఒక్కటే: పిచ్చేశ్వరరావు. ఆ పేరు మీద నాకు అనుమానం రాలేదు. మనిషికి సొంత పేరు మీద ఎప్పుడు అనుమానం వస్తుంది కనుక!

తొమ్మిదో రోజు పొద్దున దుర్గాంబ అనే ఆవిడ ల్యాబుకొచ్చింది. రిటైరైన రైల్వే గార్డు పరాంకుశరావు గారి భార్య. ఆయన కూడా గుసగుస పెట్టుకున్న మనిషే. ఆవిడ అటూ ఇటూ చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చెప్పింది.

"అయ్యా, మా ఆయన కాన్పయిందంటున్నాడు."

"ఎవరికి కాన్పయిందంటున్నాడమ్మా?"

"ఆయనకే. పెద్దాసుపత్రిలో, రాత్రంతా నొప్పులు పడ్డాడంట. వీధరుగు మీద కూర్చుని ఆడోళ్లతో సమానంగా చెప్తున్నాడు. ఆ మీసాలేంది, ఆ నొప్పులేంది! నిన్నయితే, నొప్పి తట్టుకోలేక నర్సు చేతిని కొరికేశానని అన్నాడు."

నవ్వబోయినవాణ్ణి ఆగిపోయాను. గుంటూరు పెద్దాసుపత్రిలో నర్సు చెయ్యి కొరికిన మనిషి నాకు తెలిసి ఒక్కతే ఉంది. ఆ కాటు సంగతి మా ఇంట్లో ప్రతి పెళ్లిలోనూ చెప్పుకుంటారు. ఆ రోజు పుట్టిందే హిమజ.

పరిగెత్తుకెళ్లి నాలుగో ఛాంబరు తెరిచాను. పైన పరాంకుశరావు, కింద సామ్రాజ్యం. ఒకే ఊరు, ఒకే ఈడు. పక్కన నేను కొట్టిన టిక్కు, పచ్చగా.

డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి ఒప్పుకున్నాను. ఆవిడ అరవలేదు. అరిచినా బాగుండేది. "ఆ టిక్కు ఛాంబర్లో ఒక్క మనిషే ఉన్నప్పుడు కొట్టాలని పుస్తకంలో పెద్దక్షరాలతో రాశాను కదండీ. మిరపకాయకీ మనిషికీ తేడా లేదా పిచ్చేశ్వరరావు గారూ?"

"ఉందండీ. మిరపకాయ మళ్లీ కాస్తది" అన్నాను. జీవితంలో మొదటిసారి నా చమత్కారానికి నేనే తలొంచుకున్నాను.

పదో రోజు పొద్దున రెండు కుటుంబాలనీ ల్యాబు హాల్లో కూర్చోబెట్టాను. బావా, అక్కా, హిమజా ఒక పక్క; దుర్గాంబా పరాంకుశరావూ ఒక పక్క. జరిగింది జరిగినట్టు అందరికీ చెప్పాను. నేనేం టిక్కు కొట్టానో, ఎందుకు కొట్టానో, టిక్కీలతో సహా చెప్పాను. ఇద్దరూ పెళ్లి కొత్తలో వానలో సూర్యలంక వెళ్లారు. ఇద్దరి ఇళ్లలోనూ అదే ఆసుపత్రిలో మొదటి కాన్పు అయింది. యంత్రానికి రెండు సముద్రాలూ ఒకేలా కనబడ్డాయి, రెండు కాన్పులూ ఒకేలా కనబడ్డాయి. ఒక్కోటి ఉంచి, రెండోది తీసేసి, ఉంచినదాన్ని ఇద్దరికీ పంచింది.

"అంటే ఆ గొడుగు..." అన్నాడు బావ.

"నాదేనండీ" అన్నాడు పరాంకుశరావు, మీసం సర్దుకుంటూ. "మా దుర్గాంబకి పట్టాను." తర్వాత అక్క వైపు తిరిగి చేతులు జోడించాడు. "అమ్మా, మీ నొప్పులు మీరు తీసేసుకోండమ్మా. నావల్ల కావట్లేదు."

"మరి ఈయన జ్ఞాపకం ఏమైందండీ?" అంది దుర్గాంబ.

"రెంటిలో బలంగా ఉన్నదాన్ని యంత్రం ఉంచుతుందమ్మా" అంది డాక్టరమ్మ. "పలచగా ఉన్నది పోతుంది."

"పలచన కాక ఏమైతది! నేను లోపల అరుస్తంటే ఈయన వరండాలో బల్ల మీద గుర్రుపెట్టి నిద్రపోయాడు."

అందరూ నవ్వారు, బావ తప్ప. డాక్టరమ్మ అప్పటికే కొత్త ఛాంబరు ఒకటి పెట్టించి డిస్కుల్ని విడదీయించింది. ఇక ఎవరి ఛాంబరు వారిదే. బావ జేబులోంచి గుసగుస తీసి ఇచ్చాడు. ఆవిడ దాన్ని అక్క చెవి వెనక అంటించింది. అక్క మొహం ముడుచుకుంది.

"ఎవరిదీ గొంతు? తీసెయ్యండి. అబద్ధాలు చెప్పుద్దంట."

హిమజ నా చెయ్యి పట్టుకుంది. డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది: "గడువు ఇవాళ్టిదాకా ఉంది. ఇంకా ఒక్క దారి ఉంది. తెలిసిన మనిషి నోటివెంట విన్నదే వెంటనే ఆ గొంతు కూడా చెబితే, మనసు దాన్ని తనదిగా ఒప్పుకోవచ్చు. సూర్యలంక స్థానం ఖాళీగా ఉంది. బసవపున్నయ్య గారూ, ఆ రోజు తెలిసినవాళ్లు లోకంలో మీరొక్కరే. చెప్పండి. మీరు చెప్పిందే రాస్తాను."

దుర్గాంబ ముందుకు వంగింది. "అన్నయ్యగారూ, మా గొడుగే ఉంచెయ్యండి. ఇంకో ఇద్దరికి చోటుంది దాంట్లో."

నేను కూడా బావ చెవిలో అన్నాను: "పట్టానని చెప్పేయ్ బావా. ఎవరు కాదంటారు?"

బావ అక్క ముందు కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.

"గొడుగు ఉంది సామ్రాజ్యం. అది నేనేసుకుని ముందు నడిచా. మనిద్దరికీ ఏదో మాటా మాటా వచ్చింది. ఏ మాటో కూడా గుర్తులేదు. రెండు మైళ్లు వెనక్కి తిరిగి చూళ్లేదు. బస్టాండు చేరాక చూస్తే నువ్వు చెప్పులు చేతిలో పట్టుకుని, ముద్దయిపోయి వస్తన్నావ్. అప్పుడైనా తప్పయిందని అనలేదు. ఈ నలభై ఏళ్లలో ఏ రోజూ అనలేదు. నేను గొడుగు పట్టానని నువ్వన్నప్పుడు, అది నేను కాదని నాకు తెలుసు గదా. అందుకని ఇంకెవడో ఉండాలనుకున్నా. వాడెవడో ఉంటే నా తప్పు కొంచెం చిన్నదవుద్దని."

డాక్టరమ్మ కీబోర్డు మీద చేతులు ఆపింది. "ఒక మాట చెప్పాలి మీకు. యంత్రం తీసేసింది పలచటి జ్ఞాపకాన్ని. ఆవిడ ఆ రోజుని చాలా తేలిగ్గా ఉంచుకున్నారండీ. మీరు మోసినంత బరువు ఆవిడ మొయ్యలేదు."

బావ తల దించుకున్నాడు. డాక్టరమ్మ రాసింది. అక్క చెవి వెనక చిన్న పచ్చదీపం వెలిగింది. అక్క తల కొంచెం పక్కకి వంచి వింది. చాలాసేపు వింది. నుదుటి మీద ముడత ఒకటి విడింది, రెండోది విడింది.

"తిరిగి చూశారుగా, బస్టాండులోనైనా" అంది బావతో.

ఆ తర్వాత మా పక్కకి తిరిగింది.

"హిమజా, మీ నాన్నకి మంచినీళ్లియ్యవే. గొంతెండిపోయింది."

హిమజ నీళ్లకి వెళ్లలేదు. తన పేరు విన్నచోటే నిలబడిపోయింది. దుర్గాంబే లేచి తెచ్చిచ్చింది.